అదే చెత్త

నలభై బోర్డులకీ ఎర్ర చీటీ పడింది.

కుంపటి తన బల్ల దగ్గర నుంచి లేవకుండానే చూసింది. టెస్టింగ్ బల్ల మీద ఒక్కో బోర్డూ పెడుతున్నారు, తీస్తున్నారు, మూలన ఎర్ర చీటీ అంటిస్తున్నారు. అంటిస్తున్నది ఆమె కోడలే. ఇరవై దాకా లెక్కపెట్టి కుంపటి లెక్క మానేసింది. సోల్డరింగ్ ఐరన్ మొనని తడి స్పాంజికి రాసింది. చుయ్‌మంది.

లిఫ్టుల్లో పెట్టే చిన్న కంప్యూటరు బోర్డులు చేసే షెడ్డు అది. అరచేతి కన్నా కాస్త పెద్దది, ఒక పచ్చ పలక. లిఫ్టు ఏ అంతస్తులో ఆగాలో, తలుపు ఎంతసేపు తెరిచి ఉంచాలో ఆ పలకే చెబుతుంది. దాని మీద ముక్కలన్నీ సోల్డరు కరిగించి అతికేది కుంపటి. అసలు పేరుతో ఆమెని ఎవరైనా పిలిచి ఏళ్ళయింది. చేతిలో ఎప్పుడూ కాలే ఐరన్, నోట్లో ఎప్పుడూ కాలే మాట. అందుకని కుంపటి. ఎదురుగా ఉంటే మాత్రం కుంపటక్కా అంటారు.

సూపర్‌వైజరు ఒక బోర్డు పట్టుకుని వచ్చాడు.

"ఇదేంటక్కా ఇది?"

"బోర్డు."

"అది నాకూ తెలుసు. రా, వచ్చి చూడు."

వెళ్ళి చూసింది. కోడలు తల వంచుకుని బోర్డుకి మూడు తీగలు తగిలించి కరెంటు ఇచ్చింది. మామూలుగా అయితే కరెంటు తగలగానే బోర్డు నిద్రలేచి తన సంగతంతా తనే చెప్పుకుంటుంది. ఆ మాటలు కంప్యూటరు తెర మీద ఇంగ్లీషులో తెల్లటి వరసలుగా పడతాయి. ఇప్పుడు పడ్డవి వరసలే గానీ అందులో ఉన్నవి పెట్టెలు, ప్రశ్న గుర్తులు, నెత్తిన రెండు చుక్కలున్న వంకర అక్షరాలు. మధ్య మధ్యలో ఒకటో రెండో సరైన అక్షరాలు.

"చదువు," అన్నాడు సూపర్‌వైజరు.

"నాకు చదవడం వస్తే నీ కుర్చీలో ఉండేదాన్ని."

పక్క బల్లల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. సూపర్‌వైజరు ముఖం మాడింది.

"చదవడానికేం లేదులే. చెత్త. ముక్కల కాళ్ళు సరిగ్గా అతక్కపోతే బోర్డు ఇలాగే వాగుతుంది. ఒక అక్షరం వస్తోంది, ఒకటి పోతోంది. చూస్తుంటే తెలియట్లా, లూజు అతుకని?"

"నా అతుకు లూజుండదు."

"వయసు మీద పడ్డాక చెయ్యి వణకడం తప్పు కాదక్కా. చెప్పకుండా దాచడం తప్పు."

కుంపటి కుడి చెయ్యి చాచి అతని కళ్ళ ముందు పట్టింది. వేళ్ళు విడదీసి పట్టింది. గోళ్ళ పక్కన పాత కాలిన మచ్చలు, చూపుడు వేలి మీద కాయ. చెయ్యి గోడకి కొట్టిన మేకులా ఉంది.

"చూడు."

అతను ఫోనువైపు చూసుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టకముందే కాగితం తయారైంది. అందరినీ నిలబెట్టాడు. ఇరవై మంది. ఒక్కో మాటా ఆపి ఆపి, వెనకవాళ్ళకీ వినపడేలా చదివాడు. నలభై బోర్డుల్లో లోపం సోల్డరింగ్ వల్ల వచ్చింది. సోల్డరింగ్ చేయు ఆమె చెయ్యి వణుకుతున్నట్లు గమనించడమైనది. ఆమెని నేటి నుంచి ప్యాకింగుకి మార్చడమైనది.

"సంతకం పెట్టు."

"పెట్టకపోతే?"

"రేపట్నుంచి రానక్కర్లేదు."

తల కొట్టేసినట్టయింది ఆమెకి. మూడు తరగతులు చదివిన చేత్తో మూడు అక్షరాల సంతకం పెట్టింది. ఒక్కో అక్షరం దిద్ది పెట్టింది. కింద సాక్షి సంతకం కావాలన్నాడు. టెస్టింగ్ చేసిన మనిషే పెట్టాలన్నాడు. కోడలు పెట్టింది.

స్టోరు చూసే మనిషి, ఓనరు బావమరిది, తలుపుకి ఆనుకుని పిన్నీసుతో పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"పోనీలే అక్కా, కూర్చుని పెట్టెలు కట్టుకోవచ్చు. హాయి," అని నవ్వాడు. పోయిన వారం ముక్కల రీలు చేతికిచ్చినప్పుడు కూడా ఇదే నవ్వు నవ్వాడు.

కుంపటి తన భూతద్దం, చిన్న పట్టకారు చీర కొంగులో మూటకట్టుకుంది. ఐరన్ షెడ్డుది. దాన్ని ఆర్పి, స్టాండులో పెట్టి, వైరు చుట్ట చుట్టి మరీ వెళ్ళింది.

*

సాయంత్రం ఇంట్లో గిన్నెలకి మూడింది.

"నీకేం తెలుసే," అంది కుంపటి అన్నం గిన్నెతో. "ఇరవై మందిలో నిలబెట్టి నీ అడుగు చిల్లు అంటే తెలిసొచ్చేది."

గిన్నెని పొయ్యి మీద దబ్బున పెట్టింది. గరిటెనీ వదల్లేదు. "ఏం చూస్తున్నావ్? నువ్వూ వణుకుతున్నావా?"

కోడలు గుమ్మం దగ్గర కూర్చుని కూరగాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు. కొడుకు బస్సు డ్రైవరు. రెండు ట్రిప్పుల మధ్య భోజనానికి వచ్చాడు. చెయ్యి కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు.

"ఏంటమ్మా, గిన్నెతో గొడవ?"

"గిన్నెతో కాక ఎవరితో పెట్టుకోను? గిన్నె అయినా సాక్షి సంతకం పెట్టలేదు."

కొడుకు పెళ్ళాం వైపు చూశాడు. పెళ్ళాం కత్తిపీట వైపు చూసింది. ఇంక అతను కంచంలోకే చూశాడు.

"మీరిద్దరూ చెరో కిటికీ పక్కన కూర్చోండి. నేను మధ్యలో నిలబడి వస్తా," అన్నాడు కాసేపటికి.

ఎవరూ నవ్వలేదు. అతను గబగబా తినేసి చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

"అత్తయ్యా," అంది కోడలు. "తెర మీద ఏం పడిందో అదే రాశాను. చీటీ బోర్డు మీద అంటించాను. మీ మీద కాదు."

"కాగితం ఎవరి మీద?"

"నేను పెట్టకపోతే ఇద్దరం ఇంట్లో కూర్చోవాలి."

"కూర్చుందాం. గిన్నెలతో మాట్లాడుకుందాం."

కోడలు కత్తిపీట పక్కన పెట్టింది. "లూజు అతుకని నేను అనలేదు. ఆయన అన్నాడు. నాకూ నమ్మకం లేదు. కానీ మరి ఎందుకు అలా వస్తోందో చెప్పలేకపోతున్నాను. చెప్పలేని దాన్ని ఏమని అడ్డం పడను?"

కుంపటి దీపం కింద కూర్చుని సూది తీసింది. కొడుకు చొక్కా గుండీ ఊడితే వారం రోజులుగా అలాగే పడి ఉంది. దారం కొస నోట్లో తడిపి సూదిలోకి తోసింది. ఒక్క తోపుకే ఎక్కింది. ఎక్కిన సూదిని కోడలి ముఖం ముందు పట్టుకుంది. అలాగే పట్టుకుంది, కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా. అప్పుడు గుండీ కుట్టుకుంది.

*

ప్యాకింగు బల్ల టెస్టింగ్ బల్ల వెనకే. మంచి బోర్డుని బుడగల కవరులో చుట్టాలి, పెట్టెలో పెట్టాలి, టేపు లాగి అంటించాలి. కుంపటి టేపు లాగిన ప్రతిసారీ షెడ్డంతా ఉలిక్కిపడేలా లాగేది. అయినా ఇప్పుడు చుట్టడానికి మంచి బోర్డులు లేవు. పాత బ్యాచీవి తొమ్మిది మిగిలితే అవి పొద్దున్నే అయిపోయాయి. ఇక కూర్చుని కోడలి వీపు చూడటమే పని.

కోడలు ఒక్కొక్కటీ వెతుకుతోంది. తీగలు మార్చింది. మూడో తీగ, ఎర్తు తీగ, లూజేమోనని వేరేది వేసింది. అదే చెత్త. ఆఫీసులో ఉన్న రెండో కంప్యూటరు మోసుకొచ్చి పెట్టింది. అదే చెత్త. అవే తీగలు, అదే కంప్యూటరు, నమూనాకి ఉంచుకున్న పాత బోర్డుకి తగిలిస్తే వరసలు అద్దంలా పడ్డాయి. అంటే తప్పు కొత్త బోర్డుల్లోనే.

"చెప్పానా?" అన్నాడు సూపర్‌వైజరు వెనక నిలబడి. "సోల్డరింగే."

"వేగాలు కూడా మార్చి చూస్తాను సార్."

బోర్డు ఒక వేగంతో చెబుతుంది. కంప్యూటరు అదే వేగంతో వినాలి. కంప్యూటరులో వేగాల జాబితా ఉంది, అంచెలంచెలుగా అంకెలు. కోడలు పైనుంచి కిందికి అన్నీ నొక్కింది. ఒక్కో వేగానికి ఒక్కో రకం చెత్త. ఏదీ చదవడానికి రాలేదు. మామూలు వేగం, లక్షా పదిహేను వేల రెండు వందలు, అక్కడికే తిరిగొచ్చి ఆగింది.

సూపర్‌వైజరు ఒక బోర్డు తీసుకుని కుంపటి ఐరన్‌తోనే, కుంపటి స్టూలు మీదే కూర్చుని కాళ్ళన్నీ మళ్ళీ అతికాడు. కుంపటి దూరం నుంచి చూస్తూ పళ్ళు నూరింది. మొనని స్పాంజికి రాయలేదు. సోల్డరు ఎక్కువ తినిపించాడు. లేచి బోర్డు తెచ్చి పెట్టాడు. తెర మీద మళ్ళీ పెట్టెలు, ప్రశ్న గుర్తులు.

"చూడండి," అంది కుంపటి. "మీ చెయ్యి కూడా వణికినట్టుంది."

"నువ్వు ముందే కాల్చేసి పెట్టావు. ఇక ఎవరతికినా అంతే," అని వెళ్ళిపోయాడు.

ఏం చేసినా నెత్తిన రుద్దేవాడితో ఏం మాట్లాడతాం. కుంపటి టేపు చుట్ట తీసుకుని ఖాళీ పెట్టెకి అడ్డంగా, నిలువుగా, మళ్ళీ అడ్డంగా అంటించింది.

మూడో రోజు పొద్దున కోడలు ఎర్ర చీటీల బోర్డులన్నీ మొదటి నుంచి మళ్ళీ పెట్టడం మొదలుపెట్టింది. ఎందుకో తనకే తెలియదు. కరెంటు ఇస్తుంది, చూస్తుంది, నిట్టూరుస్తుంది, తీస్తుంది. వెనక కుంపటి బల్ల మీద మోచేతులు ఆనించి తెరవైపే చూస్తోంది. తెర మీద అక్షరాలు ఆమెకి ఎప్పుడూ అక్షరాలు కావు. సరిగ్గా వచ్చిన రోజైనా, చెత్త వచ్చిన రోజైనా అవి ఆమెకి గీతలే, సున్నాలే, కొక్కేలే. చదువుకున్నవాళ్ళు చెత్త అనగానే చూపు తిప్పేసుకున్నారు. ఆమెకి తిప్పుకోవడానికి వేరే ఏం లేదు.

"ఆపు," అంది.

"ఏంటత్తయ్యా?"

"మళ్ళీ పెట్టు. అదే బోర్డు."

కోడలు కరెంటు తీసి మళ్ళీ ఇచ్చింది. కుంపటి మార్కరు తీసుకుంది. మూడో వరసలో ఉన్నది ఉన్నట్టు అట్టపెట్టె మీద గీసింది. రెండు పెట్టెలు. ఒక పాము. నెత్తిన రెండు కళ్ళున్న కొక్కెం. ఒక పెట్టె. తలకిందులైన గొడుగు. మళ్ళీ రెండు పెట్టెలు.

"ఇప్పుడు ఇంకోటి పెట్టు."

ఇంకో బోర్డు పెట్టింది. కుంపటి లేచి వచ్చి తెరకి దగ్గరగా వంగింది. అట్టపెట్టె ఎత్తి పక్కన పెట్టింది. రెండు పెట్టెలు. పాము. కళ్ళ కొక్కెం. పెట్టె. గొడుగు.

"ఇంకోటి."

పాము. కొక్కెం. గొడుగు.

"అది చెత్తే అత్తయ్యా, ఎన్నిసార్లు చూసినా..."

"చెత్తే. కానీ అదే చెత్త." కుంపటి గొంతు పైకి లేచింది. "అతుకు లూజైతే పొద్దున ఒక కూత కూస్తుంది, సాయంత్రం ఒక కూత కూస్తుంది. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా. వేలితో తడితే మారుతుంది. వంచితే మారుతుంది. ఇది నలభై నోళ్ళతో ఒకే మాట అంటోంది. నలభై అతుకులూ ఒకేలాగ లూజవుతాయా? చెప్పవే, చదువుకున్నదానివి!"

కోడలు అట్టపెట్టె వైపు చూసింది. తెరవైపు చూసింది. వేలితో బోర్డుని నొక్కింది, తట్టింది, కాస్త వంచింది. పాము కదల్లేదు.

"అన్నీ సరిగ్గానే చెబుతున్నాయి," అంది నెమ్మదిగా. "మనం వినడమే తప్పు వింటున్నాం. వేగమే. కానీ జాబితాలో ఉన్న వేగాలన్నీ చూశాను."

"జాబితాలో లేని వేగం ఉండకూడదా?"

"ఎందుకుంటుంది? వేగం బోర్డులో రాసే ఉంది. అది మారదు. క్రిస్టల్ కొట్టే దెబ్బలు లెక్కపెట్టుకుని..."

అని ఆగిపోయింది. కుంపటి అప్పటికే కొంగు ముడి విప్పుతోంది. క్రిస్టల్ అంటే బోర్డు గుండెకాయ, గోరులో సగం కూడా లేని వెండిరంగు డబ్బా. అది సెకనుకి ఇన్నిసార్లని కొట్టుకుంటూ ఉంటే, ఆ దెబ్బలని బట్టే మిగతా పనంతా నడుస్తుంది. కుంపటి భూతద్దం కంటికి ఆనించి పాత బోర్డు మీద వంగింది. తర్వాత కొత్త బోర్డు మీద వంగింది. ఇంగ్లీషు అక్షరాలు రాకపోయినా అంకెలు వచ్చు.

"పాతదాని మీద ఇరవై నాలుగు. కొత్తదాని మీద ఇరవై ఆరు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"రీలు ఇచ్చినప్పుడే ఆ స్టోరతనితో అన్నాను," అంది కుంపటి. "డబ్బా మెరుపు వేరేగా ఉందయ్యా, ఒకసారి చూడు అని. మెరుపు చూసి పెళ్ళి చేసుకుంటావా అక్కా, అతికెయ్ అని నవ్వాడు. అతికేశా. అద్దం పెట్టి అంకె చూడకపోయానే! నా బుద్ధి..."

కోడలు ఎర్ర చీటీ ఒకటి తిప్పి దాని వెనక లెక్క వేసింది. లక్షా పదిహేను వేల రెండు వందలని ఇరవై నాలుగుతో భాగించింది. నాలుగు వేల ఎనిమిది వందలు. దాన్ని ఇరవై ఆరుతో గుణించింది. లక్షా ఇరవై నాలుగు వేల ఎనిమిది వందలు. జాబితాలో లేదు. అంకెలు చేత్తో కొట్టి, కరెంటు తీసి, మళ్ళీ ఇచ్చింది.

తెర మీద తెల్లటి వరసలు పడ్డాయి. ఒకదాని కింద ఒకటి, కుట్టుమిషను మీద కుట్టినట్టు.

కోడలి చెయ్యి నోటి మీదికి వెళ్ళింది.

"ఏమంటోంది? చదువు."

"అంతా బాగుంది అంటోంది. చివరి వరసలో, బోర్డు సిద్ధం, తలుపు కోసం చూస్తున్నాను అంటోంది."

"నా అతుకు సంగతి ఏమంటోంది?"

"అతుకు బాగుంటేనే అత్తయ్యా ఇదంతా అంటుంది."

కుంపటి తల ఊపింది. ముఖంలో సంతోషం లేదు. నలభై బోర్డులు మూడు రోజులుగా నా అతుకు మంచిదే, మంచిదే అని మొత్తుకుంటుంటే ఇంత మంది చదువుకున్నవాళ్ళకి వినపడలేదు. అది ఆలోచిస్తే ఆమెకి ఒళ్ళు మరింత మండింది.

*

ఓనరు తన గదిలోకి నలుగురినీ పిలిచాడు. కోడలు చెప్పింది. అట్టపెట్టె చూపించింది, రెండు బోర్డులూ చూపించింది. ఓనరు బావమరిది వైపు చూశాడు. బావమరిది రీలు వైపు చూశాడు.

"రెండే కదా బావా తేడా," అన్నాడు.

"సార్, ఇందులో కంగారేం లేదు," అన్నాడు సూపర్‌వైజరు. "ఏ వేగమో మనం కనిపెట్టాం కదా. కంప్యూటర్లో ఆ అంకె మార్చేసి, పాస్ చేసి పంపేద్దాం. లారీ ఎల్లుండే."

"మనం," అంది కుంపటి. అంతే అంది.

కోడలు ముందుకి వచ్చింది. "కుదరదు సార్. లిఫ్టు లోపల ఉండే మీటల పలక పాత వేగంతోనే వింటుంది. దానికి ఇది చెప్పేది చెత్తలాగే ఉంటుంది. పైగా బోర్డు గడియారం కూడా తొందరగా నడుస్తుంది. మూడు సెకన్లు ఆగాల్సిన తలుపు ముందే మూసుకుంటుంది."

"ఎంత ముందు?" అన్నాడు సూపర్‌వైజరు. "పావు సెకను. పావు సెకన్లో ఏమవుతుంది?"

"ఎవరో ముసలాళ్ళ చెయ్యి ఉంటుంది అందులో," అంది కుంపటి. "వణుకుతూ వణుకుతూ పెడతారు కదా."

ఓనరు కుర్చీలో వెనక్కి వాలాడు. పాత రీలులో ఇరవై నాలుగువి యాభై మిగిలాయని బావమరిది ఒప్పుకున్నాడు. అయితే మార్చేయండి అన్నాడు ఓనరు, చేతులు దులుపుకుంటున్నట్టు.

కుంపటిని అడగకుండా మొదట సూపర్‌వైజరే కూర్చున్నాడు. ఆ డబ్బాకి కాళ్ళు కింద ఉంటాయి. ఐరన్ అందదు. వేడిగాలి గొట్టంతో పైనుంచి ఊది, కరిగిన క్షణంలో పట్టకారుతో నిలువుగా ఎత్తాలి. దాని చుట్టూ నువ్వుగింజలంతేసి ముక్కలు ఉంటాయి. గాలి ఒక వెంట్రుక పక్కకి పోయినా అవి ఎగిరిపోతాయి. అతని గాలికి నాలుగు ఎగిరాయి. కంగారులో డబ్బాని లాగాడు. డబ్బాతో పాటు కింది రాగిరేకు కూడా లేచొచ్చింది. ఆ బోర్డు ఇక దేనికీ పనికిరాదు. ఆ తప్పు అచ్చంగా అతనిదే, అందరూ చూశారు.

ముప్పై తొమ్మిది మిగిలాయి. ఓనరే ప్యాకింగు బల్ల దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఇక నువ్వే కూర్చోవాలి. ఎల్లుండి లోపల అవ్వాలి."

కుంపటి టేపు చుట్ట కింద పెట్టింది. కుర్చీలోంచి లేవలేదు.

"నా చెయ్యి వణుకుతుంది సార్."

"అబ్బా, ఇప్పుడు ఆ సంగతెందుకు?"

"కాగితం మీద ఉంది సార్. నేనే సంతకం పెట్టాను. సాక్షి కూడా ఉంది." కోడలి వైపు చూడకుండానే వేలు చూపించింది. "వణికే చెయ్యి గాలిగొట్టం పట్టుకుంటే ముప్పై తొమ్మిదీ పోతాయి. అంత పాపం నేను మోయలేను. టేపు అంటిస్తా. హాయిగా ఉంది."

ఆ మాటకి బావమరిది స్టోరులోకి వెళ్ళిపోయాడు.

"మనుషులన్నాక పొరపాట్లు జరుగుతాయమ్మా," అన్నాడు ఓనరు.

"ఇవాళ పొరపాటు అయిందా? మొన్న వణుకే కదా."

ఓనరు సూపర్‌వైజరుకి సైగ చేశాడు. అతను వెళ్ళి ఫైల్లోంచి కాగితం తెచ్చాడు. ఓనరు దాన్ని రెండు చేతులతో పట్టుకుని చింపబోయాడు.

"చింపకండి," అంది కుంపటి. అప్పుడు లేచింది. "మీరు చింపేస్తే తప్పు నేనే చేశాను, మీరు దయ తలిచారని అవుతుంది. నాకు దయ వద్దు. దాని కిందే రాయించండి. తప్పు ఏ ముక్కదో రాయండి. దాన్ని ఎవరు తెచ్చారో రాయండి. అతుకులో లోపం లేదని రాయండి. ఎవరెవరు పైన సంతకం పెట్టారో వాళ్ళందరూ కింద పెట్టండి. మొన్న ఎంతమందిని నిలబెట్టి చదివారో అంతమందినీ నిలబెట్టి చదవండి."

"రేపు చూద్దాం, ముందు పని..."

"రేపే చూద్దాం. ఐరన్ కూడా రేపే వేడెక్కుతుంది."

షెడ్డులో టకటకలు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. ఓనరు చుట్టూ చూశాడు. ఇరవై మంది చేతులు ఖాళీగా పెట్టుకుని ఇటే చూస్తున్నారు. నుదురు రుద్దుకుని, "రాయి," అన్నాడు.

సూపర్‌వైజరు రాశాడు. రెండుసార్లు కొట్టేసి రాశాడు. నిలబడి చదివాడు. గడ్డం ఛాతీలో దూర్చుకుని, గుటకల మధ్య, మాట మీద మాట పడేసి గడగడా చదివేశాడు. ఎవరికీ ఒక్క ముక్క అందలేదు.

"స్పీడెక్కువైంది సార్," అంది కుంపటి. "మాకు పెట్టెలూ పాములూ వినపడుతున్నాయి. మొన్న చదివినంత నెమ్మదిగా చదవండి."

వెనక ఎవరో పకపకా నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. కుంపటి నవ్వలేదు. కదలకుండా నిలబడింది, నవ్వు ఆగేదాకా.

అతను మళ్ళీ చదివాడు. ఒక్కో మాటా ఆపి. నలభై బోర్డుల్లో లోపం స్టోరు ఇచ్చిన తప్పు క్రిస్టల్ వల్ల వచ్చింది. స్టోరు బాధ్యుడు అంకె సరిచూడలేదు. సోల్డరింగులో ఏ లోపమూ లేదు. చెయ్యి వణుకుతుందని రాసినది తప్పు. బావమరిదిని స్టోరులోంచి పిలిపించారు. అతను పిన్నీసు జేబులో పెట్టుకుని సంతకం చేశాడు. సూపర్‌వైజరు చేశాడు. చివరికి కోడలు పెన్ను అందుకుంది.

"పెద్దగా చదివి పెట్టు," అంది కుంపటి. "మొన్న చదవకుండా పెట్టావు."

కోడలు చదివింది. చదివి, పెట్టింది.

కుంపటి తన స్టూలు మీద కూర్చుంది. సూపర్‌వైజరు వదిలేసిన మొన నల్లగా మాడింది. దాన్ని తడి స్పాంజికి రెండుసార్లు రాసింది. భూతద్దం పెట్టుకుంది. మొదటి బోర్డు బిగించింది. గాలిగొట్టం కోసం చెయ్యి చాచింది.

చెయ్యి వణుకుతోంది.

తనే చూసింది ముందు. వేళ్ళ చివర్లు సన్నగా, గాలిలో తీగలా. మూడు రోజులుగా కడుపులో పెట్టుకున్నదంతా ఇప్పుడు, అంతా అయ్యాక, వేళ్ళలోకి దిగింది. వెనక ఇరవై మంది ఉన్నారు. ఓనరు ఉన్నాడు. సూపర్‌వైజరు మెడ చాచి చూస్తున్నాడు.

ఆమె చెయ్యి దాచుకోలేదు. బల్ల మీద, దీపం కింద, అందరికీ కనపడేలా పెట్టింది. ఎడమచేత్తో దాన్ని కప్పలేదు. చూస్తూ కూర్చుంది. కోడలు వచ్చి పక్కన నిలబడి, నిలబడటంతోనే, సూపర్‌వైజరుకి ఆమె చెయ్యి కనపడకుండా అడ్డమైంది. కుంపటి మోచేత్తో ఆమెని పక్కకి జరిపింది.

"చూడనీ," అంది.

ఎంతసేపో. మరీ అంతసేపేం కాదు. ఊపిరి నాలుగుసార్లు తీసి వదిలింది. వేళ్ళు ఒక్కొక్కటీ ఆగాయి, చివరికి చూపుడు వేలు. అప్పుడు గొట్టం తీసుకుంది. గాలి నిలువుగా దిగింది. నువ్వుగింజలేవీ కదల్లేదు. వెండి డబ్బా అంచుల్లో సోల్డరు మెరిసింది. పట్టకారు దాన్ని ఎత్తింది, అంతే. ఇరవై నాలుగుది అదే చోట కూర్చుంది.

కోడలు బోర్డు తీసుకెళ్ళి మూడు తీగలు తగిలించింది. వేగం మామూలుకి మార్చి కరెంటు ఇచ్చింది. వరసలు పడ్డాయి. కుంపటి మూడో వరస చూసింది. పాము లేదు, గొడుగు లేదు. ఆమెకి ఇప్పటికీ అవి గీతలే.

కోడలు బోర్డు మూలన ఎర్ర చీటీని గోటితో లేపి, ఒలిచి, ఉండ చేసింది. ఆ ఉండని ఎక్కడ వెయ్యాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకుని అత్తగారి ముఖంలోకి చూసింది.

కుంపటి అప్పటికే చెయ్యి చాచింది.

"తర్వాతది," అంది.